అడవిలో ఆఖరి పాఠకురాలు

ఒక పెద్ద అడవిలో ఒక సింహం ఉండేదని మొదలుపెట్టడం మామూలు. సింహం ఉంది, ఎక్కడికీ పోలేదు, ఆయన సంగతికి తర్వాత వద్దాం. ఈ గొడవంతా జరగడానికి కారణం మాత్రం సింహం కాదు, సిగ్నల్. అడవి అంచున గెస్టుహౌసు కట్టి, దాని పక్కన ఒక టవరు పాతారు. జీపుల్లో వచ్చేవాళ్ళ చేతుల్లోంచి కోతులు ఫోన్లు లాక్కోవడం మొదలుపెట్టాయి. మొదట్లో వాటిని కొరికి చూసి పారేసేవి. ఆ తర్వాత తోకారావు అనే కోతి ఒక ఫోనుని కొరక్కుండా నొక్కి చూశాడు. అక్కడితో అడవి కొంప మునిగింది.

చూస్తూ చూస్తూ ఉండగానే ఎలుకలక్కూడా ఫోన్లు వచ్చేశాయి. గెస్టుహౌసు వెనక చార్జింగు పెట్టుకునే చోట పులీ జింకా పక్కపక్కనే నిలబడి, నీదెంత ఎక్కింది, నాదింకా ఎక్కలేదు అని మాట్లాడుకునేవి. ఫోన్ల వల్ల జరిగిన మేలు అదొక్కటే అని పెద్దలు ఇప్పటికీ అంటారు.

సరే, ఫోన్లు వచ్చాయి. వాటితో ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. నక్క జంబులింగానికి తోచింది. వాడికి తోచని రోజు లేదు కదా. 'కీకారణ్య కవివేదిక' అని ఒక గ్రూపు పెట్టి, అడవిలో ఊపిరున్న ప్రతివాళ్ళనీ అడక్కుండా అందులో కలిపేశాడు. పొద్దున ప్రకృతి మీద రాయాలి, మధ్యాహ్నం మాతృమూర్తి మీద, సాయంత్రం విరహం మీద. రాసినవాళ్ళందరికీ ప్రశంసాపత్రం. దాని మీద గుండ్రటి చట్రంలో మన ఫోటో, చుట్టూ బంగారు లతలు, కింద జంబులింగం సంతకం. విడవకుండా రాసేవాళ్ళకి బిరుదు కూడా.

ఇంకేముంది, అడవి అడవంతా కవులైపోయింది. అందరూ కలంపేర్లు పెట్టుకున్నారు. కాకి 'కలకంఠి' అయింది. దారి తప్పి అడవిలోకొచ్చి ఇక్కడే ఉండిపోయిన గాడిద 'స్వరఝరి' అయ్యాడు. హైనా 'దరహాస' అని పెట్టుకున్నాడు. కొండచిలువ 'కౌగిలి' అని పెట్టుకుంటే కుందేళ్ళు కాస్త ఇబ్బంది పడ్డాయి గానీ, పైకి ఏమీ అనలేదు.

గ్రూపులో ఒక్కటే షరతు. మన కవిత పెట్టాలంటే ముందు పదిమంది కవితలకి స్పందన రాయాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. పది కవితలు చదివి స్పందించాలంటే పొద్దు గడిచిపోతుంది. చదవకుండా స్పందిస్తే చిటికెలో పని. కాబట్టి అందరూ అద్భుతం, హృద్యం, అక్షరసత్యం అనే మాటలు దగ్గర పెట్టుకుని, దండం బొమ్మా గులాబీ బొమ్మా జోడించి వదిలేవారు. చివరికి ఆ శ్రమ కూడా లేకుండా, ఒక్క నొక్కుతో పదిమందికీ అద్భుతం వెళ్ళిపోయే ఏర్పాటు తోకారావు చేసిపెట్టాడు.

ఈ గోలలో లేనిది ఒక్క అడవి బర్రె కాటుకమ్మే. ఆమెకి ఫోను లేదు. ఒకసారి ఎవరో ఇచ్చి చూశారు. గిట్టతో నొక్కితే అది పలకలేదు, ఆమె కూడా దాన్ని పలకరించలేదు. రోజంతా చెరువులో మెడ దాకా మునిగి, కళ్ళు అరమూసుకుని నెమరేస్తూ ఉండేది. ఆమె వీపు మీద తాబేలు డిప్పయ్య తాత కూర్చునేవాడు.

డిప్పయ్య తాత కవే. కాకపోతే చాలా నెమ్మది. ఇన్నేళ్ళుగా ఆయన ఒకటే కవిత కడుతున్నాడు. ఒక మాట అనుకుని కాటుకమ్మకి చెప్పేవాడు. ఆమె వెంటనే ఏమీ అనేది కాదు. ఆ మాటని గడ్డితో పాటు నోట్లో పెట్టుకుని ఆ పూటంతా నమిలేది. మర్నాడు, "తాతా, నిన్నటిది గొంతులో అడ్డం పడింది" అనో, "నిన్నటిది మెత్తగా దిగింది" అనో చెప్పేది. అడ్డం పడితే తాత దాన్ని తీసేసి ఇంకోటి వెతికేవాడు. అలా వాళ్ళిద్దరూ కలిసి కవితని ఇంతవరకూ తెచ్చారు:

వానొచ్చి నా డిప్ప తట్టింది.
ఎవరూ అని అడగబోయి,
లోపలున్నది ఎవరో నాకే తెలియక

అక్కడ ఆగిపోయింది. ఇంకొక్క మాట పడితే పూర్తవుతుంది. 'ఏడ్చాను' అని పెట్టి చూశాడు, అడ్డం పడింది. 'నవ్వాను' అన్నాడు, అది నమలబోతే ఇసక తగిలినట్టుందని ఆమె ఉమ్మేసింది. తాతకి కోపం రాలేదు. తనకి ప్రశంసాపత్రం అక్కర్లేదనీ, గ్రూపు అక్కర్లేదనీ, ఆ చివరి మాట దొరికిన రోజున ఆమె వింటే చాలుననీ, వినకుండా ఎక్కడికీ పోవద్దనీ అడిగాడు. నేనెక్కడికి పోతాను తాతా, నన్ను లేపేవాళ్ళెవరు అంది కాటుకమ్మ.

ఇప్పుడు సింహం దగ్గరికి వద్దాం. మృగరాజావారు కూడా కవే. రాజు కదా, కాకపోతే ఊరుకుంటారా. ఆయన తన జూలు మీద ఒక పెద్ద కావ్యం రాసుకుని, ఒకరోజు గ్రూపులో పెట్టాడు. పెట్టేటప్పుడు పంజా ఎక్కడో తగిలి, పేరూ ఫోటో మాత్రమే వెళ్ళాయి, కావ్యం ఫోన్లోనే ఉండిపోయింది. అంటే పైన 'నా జూలు' అని ఉంది, గర్జిస్తున్న ఫోటో ఉంది, కింద ఖాళీ.

ఆ ఖాళీకి వచ్చిన పొగడ్తలు అంతా ఇంతా కాదు. ప్రతి అక్షరం ఆణిముత్యం ప్రభూ అంది కలకంఠి. ముగింపు చదివి కన్నీళ్ళాగలేదన్నాడు దరహాస. మధ్యలో ఆ పోలిక ఎలా తట్టింది ప్రభూ అని స్వరఝరి అడిగాడు. సింహం మధ్యాహ్నం దాకా మురిసిపోయి, ఆ పోలిక ఏదో తనూ ఒకసారి చదువుకుందామని గ్రూపు తెరిచి చూసుకున్నాడు.

సభ పిలిచారు. జనమంతా వణుకుతూ వచ్చారు. ఆ ఆణిముత్యం ఏ అక్షరమో చూపించమని సింహం కాకిని అడిగాడు. కాకి గొంతు సవరించుకుని, సవరించుకుని, ఇంక సవరించడానికి గొంతు మిగలక ఊరుకుంది. విమర్శకుడు గుడ్లగూబ ఉలూకాచార్యులు లేచి, రాయకుండా వదిలెయ్యడమే అత్యున్నత కవిత్వమనీ, ప్రభువులు శూన్యంతో ప్రయోగం చేశారనీ, దీని మీద తానొక పెద్ద వ్యాసం ఇప్పటికే రాసేశాననీ చెప్పాడు. సింహం ఆయన వంక చూసిన చూపుకి ఆచార్యులవారి తల వెనక్కి తిరిగి, ఆ పూటంతా అటే ఉండిపోయింది.

సింహం జంబులింగాన్ని ముందుకు రమ్మన్నాడు. గర్జించలేదు. ఆయన గొంతు చాలా చిన్నగా ఉంది.

"నేను రాజుని కాబట్టి పొగుడుతారని నాకు తెలుసురా. అది నాకు అలవాటే. కానీ అంత పెద్ద కావ్యం రాసుకున్నాను, ఒక్కళ్ళయినా చదవాలని ఉండదా నాకు? ఈ అడవిలో చదివేవాళ్ళని ఒక్కళ్ళని తీసుకురా. లేకపోతే నిన్ను తినేస్తాను."

జంబులింగం ఆ రోజు నుంచి తిండి మానేసి పాఠకుడి కోసం తిరిగాడు. పాఠకులు కావలెను అని గ్రూపులో పెట్టాడు. దానికి అద్భుతం అని స్పందనలు వచ్చాయి. ఇంటింటికీ వెళ్ళి అడిగాడు. ఏనుగు తప్పకుండా చదువుతానని, ముందు తన దీర్ఘకవిత వినిపించి, వాడు లేవబోతే తొండంతో పట్టి కూర్చోబెట్టింది. ఎలుగుబంటి తన సంపుటికి ముందుమాట రాస్తేనే చదువుతానన్నాడు. చివరికి చచ్చిపోయిన జంతువులయినా చదువుతాయేమో అన్నంత దిగులుతో వాడు చెరువు దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. అక్కడ తాత 'వణికాను' అని పెట్టి చూద్దామా అంటున్నాడు. కాటుకమ్మ కళ్ళు మూసుకుని నములుతోంది.

జంబులింగం నోరు తెరుచుకుని చాలాసేపు చూశాడు. వినేవాళ్ళు ఇలా ఉంటారని వాడు మర్చిపోయి ఎన్నాళ్ళో అయింది.

వాడు నీళ్ళలోకి దిగిపోయి, కాటుకమ్మక్కా నువ్వే కాపాడాలి అని కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె రానంది. నేనెవరు, ఆ పెద్దల మధ్య నాకేం పని అంది. వాడు సింహం అన్న మాట చెప్పాడు. నిజంగానే తినేస్తాడా అని అడిగింది ఆమె. తోకతో సహా తినేస్తానన్నాడక్కా అని వాడు ఏడ్చాడు. తోక అన్న మాట సింహం అనలేదు, అది వాడు కలిపింది. కాటుకమ్మకి జాలేసింది. డిప్పయ్య తాత కూడా, ప్రాణం సంగతి కదమ్మాయ్, వెళ్ళిరా, నా మాట ఎక్కడికి పోతుంది, నువ్వు మాత్రం తొందరగా వచ్చెయ్ అన్నాడు. మళ్ళీ వస్తానని ఆమె మాటిచ్చి, చాలా ఏళ్ళ తర్వాత చెరువులోంచి లేచింది. చెరువు సగానికి దిగిపోయింది.

సభలో సింహం ఫోనుని తోకారావు పట్టుకుంటే కాటుకమ్మ సింహం కావ్యం చదివింది. ఒక వాక్యం చదవడం, కళ్ళు మూసుకోవడం, నమలడం. మళ్ళీ ఒక వాక్యం. జనం నిలబడలేక కూర్చున్నారు, కూర్చోలేక పడుకున్నారు. తోకారావు చేతులు మార్చి మార్చి, కాళ్ళతో పట్టుకుని, చివరికి తోకతో పట్టుకున్నాడు. ఎప్పటికో ఆమె తలెత్తింది.

"ప్రభూ, చిన్నప్పుడు మీ అమ్మ మీ నెత్తి నాకిందనీ, అక్కడి వెంట్రుకలే ఇప్పుడు జూలులో మెత్తగా ఉన్నాయనీ రాశారు చూడండి, అది బాగుంది."

"మిగతాది?"

"మిగతాది గడ్డి ప్రభూ. గడ్డిని నేను తక్కువ చెయ్యను, నేను తినేది అదే. కాకపోతే ఇది బాగా ఎండిన గడ్డి."

జంబులింగం కళ్ళు మూసుకుని తన తోకని ఒకసారి తడుముకున్నాడు. సింహం ముఖం వణికింది. పెద్ద పెద్ద కన్నీళ్ళు మీసాల మీంచి జారాయి. ఆ వాక్యం రాసేటప్పుడు నిజంగానే ఏడ్చాననీ, అది తప్ప మిగతాదంతా రాజు కాబట్టి రాశాననీ, ఆ తేడా ఇంకొకరికి కనిపిస్తుందని కలలో కూడా అనుకోలేదనీ చెప్పి, సభలో అందరి ముందూ ఆమె మెడ పట్టుకుని ఏడ్చాడు. పొగడ్తకి ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదన్నాడు.

ఆ మర్నాటి నుంచి అడవిలో అందరికీ కాటుకమ్మే కావాలి. సింహాన్ని చదివినావిడ నన్ను చదవాలి అని ఒకటే పోటీ. పొద్దున్నే లైను కట్టేవారు. కాటుకమ్మ పాపం ఎవర్నీ కాదనలేకపోయింది. చెరువుకి పోవాలని రోజూ అనుకునేది. ఈ ఒక్కరిది చదివేసి పోదామనుకునేది. ఆ ఒక్కరి వెనక ఇంకొకరు నిలబడి ఉండేవారు. చెరువు గట్టున డిప్పయ్య తాత తల బయటికి చాచి దారి వంక చూస్తూ ఉంటాడని తలచుకున్నప్పుడల్లా చెరువు వైపు తల తిప్పేది.

చదివి ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసేది. హైనా కవితలో, నాకు నవ్వు రానప్పుడు కూడా నా ముఖం నవ్వుతున్నట్టే ఉంటుంది అన్న వాక్యం దగ్గర ఆగి, ఇదొక్కటి దాచుకో నాయనా అంది. హైనా ఆ పూట నవ్వకుండా ఇంటికెళ్ళాడు. జింకకి, నీకు రాయడం ఇష్టం లేదమ్మా, పరిగెత్తడం ఇష్టం అని చెప్పింది. జింక ఒక్క క్షణం ఆలోచించి, నిజమే సుమా అని, ఫోను పొదలో పారేసి గెంతుకుంటూ వెళ్ళిపోయింది. కుందేళ్ళు కూడా వెళ్ళిపోయాయి. వాటి ముఖాల్లో ఎంత నిశ్చింతో చెప్పలేను. అడవిలో మళ్ళీ గడ్డి మేసేవాళ్ళు కనిపించడం మొదలైంది.

జంబులింగానికి ఇది ముందు బాగానే ఉంది, తర్వాత గుండె గుభేలుమంది. గ్రూపు ఖాళీ అయిపోతోంది. మధ్యాహ్నం మాతృమూర్తి మీద రాసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటట్టు ఉన్నారు. బిరుదులిద్దామంటే తీసుకునేవాళ్ళు లేరు. ఈ బర్రె ఇలాగే ఇంకొన్నాళ్ళు చదివితే తనొక్కడే మిగులుతాడు. పోనీ పొమ్మందామంటే వెనక సింహం ఉన్నాడు. వాడు గుహలో కూర్చుని బాగా ఆలోచించాడు. ఒకళ్ళ నోరు మూయించాలంటే తిట్టనక్కర్లేదు, సన్మానం చేస్తే చాలు అని తేల్చుకున్నాడు.

సన్మానం ఘనంగా జరిగింది. గెస్టుహౌసు తాడు మీద ఆరేసిన పూల దుప్పటిని తోకారావు పట్టుకొచ్చాడు, అదే శాలువా. బంతిపూల దండ వేశారు. వేసిన వెంటనే కాటుకమ్మ సగం తినేసింది, మర్యాదకి మిగతా సగం ఉంచింది. 'పఠనప్రవీణ' అని బిరుదిచ్చారు. నాలుగు మాటలు చెప్పాలి మేడమ్ అని జంబులింగం వంగి వంగి అడిగాడు. అక్కయ్య మేడమ్ అయిన సంగతి ఆమె గమనించలేదు. ఎప్పుడూ వేదిక ఎక్కినావిడ కాదు. ఆమె అన్నదల్లా ఇదే: నాకేం తెలుసు, చెరువులో పడుకుంటాను, ఎవరైనా చెబితే వింటాను, ఇంక పోతాను, ఈగలు కుడుతున్నాయి.

అంతే, జంబులింగం ఆ మాటల్ని టకటకా కొట్టి, ప్రతి మాట దగ్గరా ఒక ఎంటర్ నొక్కి, గ్రూపులో పెట్టేశాడు.

నాకేం
తెలుసు
చెరువులో
పడుకుంటాను
ఎవరైనా
చెబితే
వింటాను
ఇంక
పోతాను
ఈగలు
కుడుతున్నాయి

కింద 'నల్లకలువ' అని కలంపేరు కూడా వాడే తగిలించాడు. వేదిక దిగేలోపు స్పందనలు కుప్పతెప్పలుగా వచ్చిపడ్డాయి. అద్భుతం, హృద్యం, గులాబీలు, దండాలు. ఉలూకాచార్యులు మెడ సరిచేసుకుని వచ్చి, ఇక్కడ ఈగలంటే ఈగలు కావనీ, మనందరి లోపలా ముసురుకునే ప్రశ్నలనీ చెప్పాడు. కాటుకమ్మ తోకతో ఈగని కొట్టబోయి, ఆ మాట విని ఆపేసింది.

ఇవన్నీ నా గురించేనా అని అడిగింది. మీ గురించే మేడమ్, చూడండి, ఇంకా వస్తూనే ఉన్నాయి అన్నాడు వాడు. ఎవరో చేయి అందని చోట వీపు గోకినట్టు ఆమెకి ఒళ్ళంతా హాయిగా అనిపించింది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. ఇన్నేళ్ళూ అందరి మాటలూ విన్నది, తన మాట ఎవరూ వినలేదు కదా. ఆ ఆనందాన్ని తప్పు పట్టేవాళ్ళు ఒకసారి శాలువా కప్పుకుని చూడండి.

చెరువుకి వెళ్ళింది, ఇచ్చిన మాట ప్రకారం. కాకపోతే కొమ్ముకి ఒక ఫోను వేలాడుతోంది, జంబులింగం కానుక. గిట్టకి పలకని ఫోను నాలిక కొసకి చక్కగా పలుకుతుందని తోకారావు నేర్పాడు. ఇప్పుడు పొద్దున ప్రకృతి, మధ్యాహ్నం మాతృమూర్తి, సాయంత్రం విరహం. బర్రెకి విరహమేమిటని అడక్కండి, సాయంత్రం రాయాలి కాబట్టి వచ్చింది. షరతు షరతే, పదిమందికి స్పందన పెట్టాలి. మొదటి రెండు రోజులూ చదివే పెట్టింది. తర్వాత తోకారావు ఆ ఒక్క నొక్కు ఏర్పాటు చూపించాడు.

నెమరు వెయ్యడం మానేసింది. నాలిక ఖాళీ ఉంటే కదా.

ఈలోగా సింహం రెండో కవిత రాశాడు. జూలు గురించి కాదు, గర్జన గురించీ కాదు. కాటుకమ్మ మెచ్చుకున్న ఆ ఒక్క వాక్యం పట్టుకుని, వాళ్ళమ్మ గురించి, చిన్నగా, చాలా రోజులు కూర్చుని రాశాడు. ఈసారి ఖాళీ పోలేదని పదిసార్లు చూసుకున్నాడు. కాటుకమ్మకి పంపించి, ఆమె చదవడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలుసు కాబట్టి, ఓపిగ్గా ఎదురుచూద్దామని గుహ ముందు సర్దుకుని కూర్చున్నాడు. సరిగ్గా కూర్చోకముందే సమాధానం వచ్చింది: అద్భుతం ప్రభూ. పక్కన ఒక గులాబీ.

ఆయన ఆ గులాబీ వంక ఎంతసేపు చూశాడో తెలియదు. తర్వాత జంబులింగాన్ని పిలిపించాడు.

ఉన్న ఒక్క పాఠకురాలినీ ఏం చేశావురా అని అడిగాడు. సన్మానం చేశాను ప్రభూ, గొప్ప గౌరవం ఇచ్చాను, బిరుదు కూడా ఇచ్చాను అని వాడు చెప్పుకున్నాడు. తినడానికి సింహం నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. తినేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది, వీడికి అంత తేలిగ్గా పోనివ్వను అన్నాడు. గ్రూపు పెట్టిన రోజు నుంచి అందులో వచ్చిన ప్రతి కవితా మొదటి మాట నుంచి చివరి మాట వరకూ జంబులింగం చదవాలి, రోజూ సాయంత్రం వచ్చి ఏ వాక్యం ఎలా ఉందో చెప్పాలి, ఒక్కటి తప్పినా ఊరుకోనని తీర్పు చెప్పాడు.

ప్రభూ, తినేయండి అని జంబులింగం కాళ్ళ మీద పడ్డాడు. సింహం వినలేదు.

వాడు చెరువు అవతల ఒక బండ కింద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. పొద్దున ప్రకృతులు చదివాడు. మధ్యాహ్నం మాతృమూర్తులు చదివాడు. విరహాలు చదువుతూ బండకేసి తల కొట్టుకున్నాడు. ఏనుగు దీర్ఘకవిత సగంలో ఉండగా జ్వరం తగిలింది. చిక్కి తోకంత అయ్యాడు. కానీ సాయంత్రం సింహం అడుగుతాడు కదా, తప్పదు. చదివి, మళ్ళీ చదివి, ఇదెందుకు బాలేదు, అదెందుకు కాస్త నయం అని ఆలోచించక తప్పలేదు. కొన్నాళ్ళకి, ఆ రాళ్ళ గుట్టలో ఎక్కడైనా ఒక మంచి మాట తగిలితే వాడికి తెలియకుండానే చెవులు నిక్కబొడుచుకునేవి. ఒకరోజు గాడిద దగ్గరికి వెళ్ళి, నీ పాత కవితలో బరువు దించాక వీపు తేలికపడలేదు అన్నావే, అది ఎంత బాగుందిరా అని చెప్పి వచ్చాడు. గాడిద ఆ రోజు ఓండ్ర పెట్టడం మర్చిపోయాడు.

అప్పుడే డిప్పయ్య తాతకి మాట దొరికింది.

ఆయన నీళ్ళలోంచి తేలి, కాటుకమ్మ వీపు ఎక్కాడు. ఎక్కడానికి చాలాసేపు పట్టింది. అమ్మాయ్, దొరికింది అన్నాడు. చెప్పు తాతా అంది కాటుకమ్మ. మనసులో నిజంగానే వినాలనుంది. అదే సమయానికి కొమ్ముకి వేలాడే ఫోను గుయ్యిమంది. పొద్దుట పెట్టిన ప్రకృతికి స్పందనలు వస్తున్నాయి. ఆమె కన్ను అటు పోయింది. తాత మొదలుపెట్టాడు. వానొచ్చి నా డిప్ప తట్టింది, ఎవరూ అని అడగబోయి,

"అద్భుతం తాతా" అంది కాటుకమ్మ.

తాత ఆగిపోయాడు. ఏ మాట బాగుందమ్మాయ్ అని అడిగాడు. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

"అన్నీ బాగున్నాయి తాతా. ప్రతి అక్షరం ఆణిముత్యం."

తాత ఆమె వీపు మీంచి మెల్లగా నీళ్ళలోకి దిగి, చెరువు అవతలి గట్టుకి ఈదుకుంటూ వెళ్ళి, గట్టెక్కి, బండ కింద కూర్చున్న జంబులింగం ముందు ఆగాడు. నాయనా, వింటావా అని అడగడం కాటుకమ్మకి నీళ్ళ మీంచి వినిపించింది. జంబులింగం ఫోను పక్కన పెట్టి, రెండు ముందుకాళ్ళూ దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. తాత చెప్పాడు.

వానొచ్చి నా డిప్ప తట్టింది.
ఎవరూ అని అడగబోయి,
లోపలున్నది ఎవరో నాకే తెలియక
ఊరుకున్నాను.

ఇంకోసారి చెప్పు తాతా అన్నాడు వాడు. తాత ఇంకోసారి చెప్పాడు. ఊరుకున్నాను అనే మాటని వాడు నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపటి తర్వాత, మెత్తగా దిగింది తాతా అన్నాడు. అంటూనే ఏడుపు వచ్చేసింది వాడికి. తాత కూడా ఏడ్చాడు. ఆ ఏడుపు చూస్తే పెళ్ళివారింట్లో సంతోషపు ఏడుపులా ఉంది.

ఇవతలి గట్టున కాటుకమ్మ అంతా విన్నది. ఇన్నేళ్ళు తను మోసిన కవిత, తను వినాల్సిన మాట. ఆమెకి చచ్చేంత సిగ్గేసింది. ముట్టె నీళ్ళలో పెట్టుకుని, మళ్ళీ తలెత్తలేక, ఎంతో బాధపడింది.

తర్వాత నాలిక కొసతో ఆ సిగ్గు మీద ఒక కవిత రాసి, మాట మాటకీ ఎంటర్ కొట్టి, గ్రూపులో పెట్టింది. అంతకుముందు దేనికీ రానన్ని గులాబీలు దానికి వచ్చాయి.

నీతి: పాఠకులు కావాలంటే ఎవరికైనా శిక్ష వెయ్యండి, సన్మానం మాత్రం చెయ్యకండి, ఉన్న ఒక్కళ్ళూ పోతారు.